గ్రాఫిక్స్ కార్డుకు వేరే విద్యుత్ తీగ ఎందుకు? పుదుచ్చేరి నుంచి ఒక సాంకేతిక చరిత్ర పాఠం



డెస్క్‌టాప్ కంప్యూటరు పక్క పలక విప్పి లోపలికి చూసినవారికి ఒక విషయం కనిపించే ఉంటుంది. సౌండ్ కార్డు, నెట్‌వర్క్ కార్డు వంటివి మదర్‌బోర్డు మీది స్లాటులో గుచ్చితే చాలు, పనిచేస్తాయి. కొన్ని గ్రాఫిక్స్ కార్డులు కూడా అంతే. మరికొన్ని గ్రాఫిక్స్ కార్డులకు మాత్రం స్లాటులో గుచ్చిన తరువాత కూడా, పవర్ సప్లై పెట్టె నుంచి లావుపాటి తీగల గుత్తిని తెచ్చి వేరుగా తగిలించాలి. అది తగిలించకపోతే తెర మీద బొమ్మ రాదు, లేదా తీగ తగిలించమని హెచ్చరిక వస్తుంది.

ఎందుకిలా? పెద్ద కార్డుకు ఎక్కువ కరెంటు కావాలి కాబట్టి అని మీలో చాలామంది వెంటనే చెబుతారు. ఆ జవాబు తప్పు కాదు, కానీ సగమే. ఎక్కువ కరెంటు కావాలంటే దాన్ని స్లాటులో నుంచే ఎందుకు ఇవ్వరు? 75 వాట్ల దగ్గరే ఎందుకు ఆగారు? ఆ అంకెను దాటితే ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు కొంత భౌతికశాస్త్రంలో ఉంది, కొంత చరిత్రలో ఉంది. ఈ పాఠంలో రెండింటినీ కలిపి చూద్దాం. ఉదాహరణకు పుదుచ్చేరి పట్టణాన్ని తీసుకుందాం. ఆ ఊరే ఎందుకో ముందుగా తెలుసుకోవాలి.

1. కంప్యూటర్లు కూర్చిన ఊరు

పుదుచ్చేరి అనగానే ఫ్రెంచి కాలపు వీధులు, సముద్రపు గట్టు, అరవిందాశ్రమం గుర్తుకు వస్తాయి. ఇక్కడి ఫ్రెంచి పాలన 1954 నవంబరు 1న ఆచరణలో ముగిసింది. 1962లో చట్టరీత్యా కూడా ఈ ప్రాంతం భారతదేశంలో కలిసింది. 2006లో పాండిచ్చేరి పేరు అధికారికంగా పుదుచ్చేరి అయింది. ఈ కేంద్రపాలిత ప్రాంతంలోని నాలుగు భాగాలలో ఒకటైన యానాం కాకినాడకు దగ్గరలో, గోదావరి ఒడ్డున ఉంది. కనుక ఈ ఊరు తెలుగువారికి పరాయిది కాదు.

ఈ పట్టణానికి పర్యాటకులు అంతగా ఎరుగని మరో చరిత్ర ఉంది. మన దేశంలో ఇంటింటికీ, కార్యాలయాలకూ కంప్యూటర్లు చేరుతున్న రోజుల్లో, వాటిని కూర్చిన ముఖ్య కేంద్రాలలో పుదుచ్చేరి ఒకటి. హెచ్‌సీఎల్ ఇక్కడ కర్మాగారం నడిపింది. ఏసర్ కంప్యూటర్లు ఇక్కడ తయారయ్యాయి. ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్ విభాగాన్ని లెనోవోకు అమ్మిన 2005 తరువాత, లెనోవో పేరుతో కూడా ఇక్కడి నుంచి కంప్యూటర్లు బయటికి వచ్చాయి. కేంద్రపాలిత ప్రాంతంలో దొరికిన పన్ను రాయితీలు ఇందుకు ఒక కారణం. చెన్నై రేవు సుమారు 150 కిలోమీటర్ల దూరంలోనే ఉండటం మరో సౌకర్యం. కాలం మారింది. 2013లో హెచ్‌సీఎల్ ఇన్ఫోసిస్టమ్స్ కంప్యూటర్ల తయారీ నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. 2024 సెప్టెంబరులో లెనోవో మరో ప్రకటన చేసింది. తన పుదుచ్చేరి కర్మాగారంలో ఏటా 50,000 కృత్రిమ మేధ సర్వర్లను, 2,400 జీపీయూ సర్వర్లను తయారుచేస్తామన్నది దాని సారాంశం. జీపీయూ అంటే గ్రాఫిక్స్ కార్డు గుండెకాయ అయిన చిప్పు.

ఇక్కడ ఒక్క మాట గమనించండి. కర్మాగారంలో కంప్యూటరును కూర్చే కార్మికుడి ముందు ఎక్కడెక్కడి నుంచో వచ్చిన భాగాలు ఉంటాయి. మదర్‌బోర్డు ఒక సంస్థది, పవర్ సప్లై మరొకరిది, గ్రాఫిక్స్ కార్డు ఇంకొకరిది. వాటిని తయారుచేసినవారు ఒకరినొకరు చూసి కూడా ఉండరు. అయినా ఈ కార్డును ఆ బోర్డులో గుచ్చితే బోర్డు మాడిపోదన్న నమ్మకంతో ఆయన పనిచేస్తాడు. ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? ముందుగా రాసుకున్న ప్రమాణాల నుంచి వచ్చింది. స్లాటు ఇంతకు మించి ఇవ్వదు, కార్డు ఇంతకు మించి లాగదు అన్నది ఇద్దరి మధ్య ఒప్పందం. మన పాఠం నిజానికి ఆ ఒప్పందపు చరిత్రే.

2. ఇంట్లో ఉన్న రెండు రకాల ప్లగ్గులు

ఈ విషయం అర్థం కావాలంటే ఇంటి గోడను చూస్తే చాలు. మన ఇళ్లలో రెండు రకాల సాకెట్లు ఉంటాయి. చిన్నది 5 ఆంపియర్లది, పెద్దది 15 ఆంపియర్లది. కొత్త ప్రమాణాల ప్రకారం వీటిని 6, 16 ఆంపియర్లు అంటారు. ఫ్యాను, టీవీ, సెల్‌ఫోను చార్జరు చిన్నదానిలో పెడతాం. గీజరు, ఏసీ పెద్దదానిలోనే పెట్టాలి. పెద్ద సాకెట్టుకు వెనుక లావు తీగ వేస్తారు, లోపలి రేకులు కూడా దృఢంగా ఉంటాయి.

230 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు అంటే 1,150 వాట్లు. 15 ఆంపియర్లు అంటే 3,450 వాట్లు. 2,000 వాట్ల గీజరును చిన్న సాకెట్టుకు తగిలిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. సాకెట్టు వేడెక్కుతుంది, నల్లబడుతుంది, చివరికి కరిగిపోతుంది. తీగలో పుట్టే వేడి, కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించినంత ఉంటుంది. కరెంటు రెట్టింపు అయితే వేడి నాలుగింతలు అవుతుంది. పదో తరగతిలో చదువుకునే జౌల్ నియమమే ఇది.

కంప్యూటరులో కూడా ఇదే కథ. స్లాటు చిన్న ప్లగ్గు వంటిది. వేరుగా తగిలించే తీగల గుత్తి పెద్ద ప్లగ్గు వంటిది. కానీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఇంట్లో 230 వోల్టులు, కంప్యూటరు లోపల గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లేది 12 వోల్టులు. 300 వాట్లు కావాలంటే గోడ దగ్గర 1.3 ఆంపియర్లు సరిపోతాయి. అదే 300 వాట్లను 12 వోల్టుల దగ్గర ఇవ్వాలంటే 25 ఆంపియర్లు కావాలి. గీజరు లాగే కరెంటు కంటే అది దాదాపు మూడింతలు. చేతిలో పట్టే కార్డుకు ఇంత లావు తీగలెందుకు అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. వాట్లు తక్కువే, ఆంపియర్లు ఎక్కువ.

3. స్లాటే చాలిన రోజులు

1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటరు పవర్ సప్లై సామర్థ్యం 63.5 వాట్లు. కార్డు కాదు, మొత్తం కంప్యూటరే అంతలో నడిచింది. తెర మీద అక్షరాలు, కొద్ది రంగుల బొమ్మలు చూపించే కార్డుకు స్లాటులో నుంచి వచ్చే విద్యుత్తు ధారాళంగా సరిపోయేది.

1992లో ఇంటెల్ చొరవతో పీసీఐ స్లాటు వచ్చింది. ఆ ఒప్పందంలో ఒక్కో కార్డుకు గరిష్ఠ పరిమితి 25 వాట్లు. ఆ రోజుల్లో అది చాలా ఎక్కువ. కానీ 1990ల మధ్య నుంచి ఆటల్లో త్రిమితీయ దృశ్యాలు ప్రవేశించాయి. ఒక్కో బొమ్మను వేల త్రిభుజాలుగా విడగొట్టి, వాటికి రంగు, వెలుగు, నీడ లెక్కగట్టి, సెకనుకు పదుల సార్లు తెర మీద గీయాలి. ఈ లెక్కలు మామూలు ప్రాసెసరుకు భారమయ్యాయి. అందుకని ఆ పనికే ప్రత్యేకమైన చిప్పులు పుట్టాయి.

1996లో ఇంటెల్ గ్రాఫిక్స్ కార్డుల కోసమే ఏజీపీ అనే స్లాటు ప్రమాణాన్ని ప్రకటించింది. ఇది 40 వాట్లకు కొంచెం పైగా ఇవ్వగలిగేది. వృత్తిరీత్యా డిజైన్ పని చేసేవారి పెద్ద కార్డుల కోసం ఏజీపీ ప్రో అనే మరో రూపం 1998లో వచ్చింది. దీని స్లాటు పొడుగ్గా ఉండి, అదనపు పిన్నులతో 110 వాట్ల దాకా ఇవ్వగలిగేది. అంటే వేరే తీగ అక్కరలేకుండా స్లాటునే పెంచుదామన్న ఆలోచనను చరిత్రలో నిజంగానే ప్రయత్నించారు. కానీ అది సామాన్యుల కంప్యూటర్లలోకి రాలేదు. ఎందుకంటే ఒకరిద్దరికి అవసరమైన ఆ ఖర్చును ప్రతి మదర్‌బోర్డు మీదా వేయాలి. ఇంట్లో ప్రతి గదికీ ఏసీ తీగ వేయించినట్లన్నమాట.

4. మొదటి అదనపు తీగలు

2000 సంవత్సరంలో త్రీడీఎఫ్ఎక్స్ అనే అమెరికా సంస్థ వూడూ5 5500 అనే కార్డును విడుదల చేసింది. అందులో ఒకటి కాదు, రెండు గ్రాఫిక్స్ చిప్పులు. స్లాటు ఇచ్చేది చాలదని, హార్డ్‌డిస్కుకు తగిలించే నాలుగు పిన్నుల తీగనే కార్డుకు కూడా తగిలించే ఏర్పాటు చేశారు. మామూలు కొనుగోలుదారుల చేతికి వచ్చిన కార్డులలో ఇలా వేరే తీగ అడిగిన తొలితరం కార్డు ఇది. అదే సంస్థ నాలుగు చిప్పులతో వూడూ5 6000 అనే కార్డును కూడా తయారుచేసింది. దానికి కంప్యూటరు బయట నుంచి, గోడ ప్లగ్గు నుంచి నేరుగా విద్యుత్తు ఇచ్చే విడి పెట్టెను రూపొందించారు. ఆ కార్డు మార్కెట్లోకి రానేలేదు. 2000 డిసెంబరులో త్రీడీఎఫ్ఎక్స్ తన ఆస్తులను ఎన్‌విడియాకు అమ్మేందుకు ఒప్పుకుంది.

ఆ తరువాత ఈ దారి పట్టినవారు పెరిగారు. 2002లో ఏటీఐ సంస్థ రేడియాన్ 9700 ప్రో కార్డును తెచ్చింది. అందులో సుమారు 11 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. దీనికి ఫ్లాపీ డ్రైవుకు వాడే చిన్న తీగను తగిలించాల్సి వచ్చింది. 2003లో ఎన్‌విడియా జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రాకు హార్డ్‌డిస్కు తీగ కావలసి వచ్చింది. 2004లో జీఫోర్స్ 6800 అల్ట్రాకు అలాంటివి రెండు కావలసి వచ్చాయి.

ఇందులో ఉన్న చిక్కు గమనించండి. హార్డ్‌డిస్కు కోసం, ఫ్లాపీ కోసం పుట్టిన తీగలను గ్రాఫిక్స్ కార్డు అరువు తెచ్చుకుంది. ఒకే తీగకు రెండు హార్డ్‌డిస్కులు, ఒక సీడీ డ్రైవు, ఒక గ్రాఫిక్స్ కార్డు వేలాడితే ఎవరికి ఎంత అందుతుందో చెప్పేవారు లేరు. పవర్ సప్లై తయారుచేసినవారికి ఆ తీగ చివర ఏముంటుందో తెలియదు. కార్డు తయారుచేసినవారికి ఆ తీగ ఎంత మోయగలదో తెలియదు. అలా ఒప్పందం లేని చోట అదృష్టం మీద ఆధారపడవలసి వచ్చింది.

5. 75 అనే అంకె పుట్టుక

పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త స్లాటు 2004 నుంచి మదర్‌బోర్డుల మీద కనిపించసాగింది. నేటికీ మనం వాడుతున్నది దాని తరువాతి తరాలనే. గ్రాఫిక్స్ కార్డు గుచ్చే పొడుగు స్లాటుకు 75 వాట్ల పరిమితి పెట్టారు. ఈ అంకె ఊహించి పెట్టింది కాదు. ఆ స్లాటులో 12 వోల్టులు మోసే పిన్నులు ఐదు. ఒక్కోటి సుమారు 1.1 ఆంపియరు చొప్పున మొత్తం 5.5 ఆంపియర్లు. 12 వోల్టులతో గుణిస్తే 66 వాట్లు. దీనికి తోడు 3.3 వోల్టుల దారిలో 3 ఆంపియర్లు, అంటే సుమారు 10 వాట్లు. రెండూ కలిపి 75 వాట్లని నిర్ణయించారు.

స్లాటు పిన్నులు సన్నగా ఉంటాయి. కార్డు అంచును అవి తమ ఒత్తిడితోనే తాకుతాయి. పైగా స్లాటులోకి వచ్చే విద్యుత్తు ముందుగా మదర్‌బోర్డులోని పలుచని రాగి పొర గుండా రావాలి. ఆ బోర్డుకు పవర్ సప్లై నుంచి వచ్చే 24 పిన్నుల పెద్ద కనెక్టరులో 12 వోల్టుల తీగలు రెండే. ఫ్యాన్లు, ఇతర కార్డులు అన్నీ వాటినే పంచుకోవాలి. కాబట్టి స్లాటు పరిమితిని పెంచడమంటే ఈ దారినంతా మార్చడం.

అందుకని రెండో దారి ఎంచుకున్నారు. గ్రాఫిక్స్ కార్డు కోసమే ప్రత్యేకంగా 6 పిన్నుల తీగను 2004లో ప్రమాణీకరించారు. అది 75 వాట్లు ఇస్తుంది. స్లాటుతో కలిపితే 150. కొద్ది ఏళ్లకే అది కూడా చాలలేదు. 2007లో ఏటీఐ రేడియాన్ హెచ్‌డీ 2900 ఎక్స్‌టీతో 8 పిన్నుల తీగ వచ్చింది. దాని పరిమితి 150 వాట్లు. స్లాటు, ఒక 6 పిన్నులది, ఒక 8 పిన్నులది కలిస్తే 300 వాట్లు.

మీకొక చిన్న ప్రశ్న. 6 పిన్నుల తీగకు, 8 పిన్నుల తీగకు తేడా ఏమిటి? రెండు పిన్నులు పెరిగితే సామర్థ్యం ఎలా రెట్టింపు అయింది? ఆశ్చర్యమేమిటంటే, వాడుకలో ఈ రెండింటిలోనూ 12 వోల్టుల తీగలు మూడే. పెరిగిన రెండు పిన్నులు భూతీగ వైపువి. వాటిలో ఒకటి సంకేతం ఇచ్చే పిన్ను. నీకు 150 వాట్లు హామీ ఇస్తున్నాను అని పవర్ సప్లై తన మాటగా కార్డుకు చెప్పడమే దాని పని. మోసే తీగలు మారలేదు, ఇచ్చిన మాట మారింది. మూడు తీగలకు 150 వాట్లు పంచితే ఒక్కోదానికి సుమారు 4.2 ఆంపియర్లు. తీగలు అంతకంటే చాలా ఎక్కువ మోయగలవు. ఆనాటి రూపకర్తలు భద్రత కోసం ఎంత ఖాళీ వదిలారో దీన్నిబట్టి తెలుస్తుంది.

6. చిప్పులకు ఇంత ఆకలి ఎందుకు?

చిప్పులు ఏటికేడు చిన్నవవుతుంటే విద్యుత్తు తగ్గాలి కదా అని మీకు అనుమానం రావచ్చు. మంచి అనుమానమే. 1974లో ఐబీఎంకు చెందిన రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు సరిగ్గా ఇదే చెప్పారు. ట్రాన్సిస్టరు పరిమాణం తగ్గినప్పుడు వోల్టేజీని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తే, చదరపు మిల్లీమీటరుకు ఖర్చయ్యే విద్యుత్తు పెరగదని చూపించారు. మూడు దశాబ్దాల పాటు ఈ సూత్రం పరిశ్రమను నడిపించింది.

2005 ప్రాంతంలో ఆ సౌకర్యం ముగిసింది. వోల్టేజీని ఇంకా తగ్గిస్తే ట్రాన్సిస్టరు పూర్తిగా ఆగదు, ఆపినప్పుడు కూడా కరెంటు కారుతుంది. కాబట్టి వోల్టేజీ తగ్గుదల మందగించింది. చిప్పు ఖర్చు చేసే విద్యుత్తు, వోల్టేజీ వర్గానికి, గడియార వేగానికి, పనిచేసే ట్రాన్సిస్టర్ల సంఖ్యకు అనుగుణంగా ఉంటుంది. మొదటిది తగ్గడం ఆగింది, మూడోది పెరుగుతూ పోయింది. గ్రాఫిక్స్ పని సమాంతరంగా సాగే పని. తెర మీది లక్షల చుక్కలను ఏకకాలంలో లెక్కించవచ్చు. కాబట్టి ఎన్ని గణన విభాగాలు పెడితే అంత లాభం. 2002లో 11 కోట్లున్న ట్రాన్సిస్టర్లు, 2022లో వచ్చిన జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 4090లో 7,630 కోట్లకు చేరాయి. ఆ కార్డుకు 450 వాట్లు కావాలి. 1981 నాటి ఐబీఎం కంప్యూటర్లు ఏడింటికి సరిపోయే విద్యుత్తు అది.

అన్ని కార్డులూ ఇలాగే ఉండాలని లేదు. 2014లో వచ్చిన జీఫోర్స్ జీటీఎక్స్ 750 టీఐ 60 వాట్లతోనే చక్కగా పనిచేసింది. దాని మూల నమూనాకు వేరే తీగ అక్కరలేదు. తీగ లేదంటే కార్డు నాసిరకమనుకోకూడదు. 75 లోపల ఉండాలని దాన్ని రూపొందించారన్నమాట.

7. గీత దాటిన రెండు సందర్భాలు

మొదటిది 2016 నాటిది. ఆ ఏడాది జూన్‌లో ఏఎండీ సంస్థ రేడియాన్ ఆర్ఎక్స్ 480 కార్డును విడుదల చేసింది. దాని ఖర్చు 150 వాట్లని చెప్పి, ఒక 6 పిన్నుల తీగ పెట్టారు. స్లాటు 75, తీగ 75, లెక్క సరిగ్గా సరిపోయింది, మిగులు లేదు. సమీక్షకులు స్లాటులో నుంచి పోయే కరెంటును విడిగా కొలిచినప్పుడు, అది ఒప్పందపు పరిమితిని దాటుతున్నట్లు తేలింది. వెంటనే వాదన చెలరేగింది. కొత్త బోర్డులు దాన్ని తట్టుకోవచ్చు. మరి పాత, చవక బోర్డుల మాటేమిటి? జులైలో ఏఎండీ కొత్త డ్రైవరు సాఫ్ట్‌వేరును ఇచ్చింది. అది భారంలో కొంత భాగాన్ని స్లాటు మీద నుంచి 6 పిన్నుల తీగ మీదికి మళ్లించింది. మొత్తం ఖర్చును తగ్గించే ఐచ్ఛిక మీటను కూడా అందులో ఇచ్చారు. తీగలో మిగులు బలం ఉంది, స్లాటులో లేదు అన్న విషయం దీనితో లోకానికంతా అర్థమైంది.

రెండోది 2022 నాటిది. మూడు నాలుగు 8 పిన్నుల తీగలు తగిలించే బదులు, ఒకే చిన్న కనెక్టరుతో 600 వాట్ల దాకా ఇచ్చే కొత్త ప్రమాణం వచ్చింది. దీన్ని 12విహెచ్‌పిడబ్ల్యుఆర్ అన్నారు. 600 వాట్లంటే 50 ఆంపియర్లు. దాన్ని ఆరు పిన్నులు పంచుకోవాలి, ఒక్కోదానికి సుమారు 8.3 ఆంపియర్లు. పాత 8 పిన్నుల తీగలో ఇది 4.2 అని ఇప్పుడే చూశాం. పిన్ను చిన్నదైంది, భారం రెట్టింపైంది, భద్రత కోసం వదిలిన ఖాళీ కుంచించుకుపోయింది.

ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొన్ని వారాలకే కనెక్టర్లు కరిగిన ఫొటోలు బయటికి వచ్చాయి. ప్రపంచవ్యాప్తంగా సుమారు 50 సంఘటనలు తమ దృష్టికి వచ్చాయని, కనెక్టరును పూర్తిగా లోపలికి నొక్కకపోవడం సాధారణంగా కనిపించిన కారణమని 2022 నవంబరులో ఎన్‌విడియా తెలిపింది. 2023లో కనెక్టరును సవరించి 12వి-2×6 అని పేరు పెట్టారు. ఇందులో సంకేత పిన్నులను పొట్టిగా చేశారు. కనెక్టరు పూర్తిగా దిగకపోతే ఆ పొట్టి పిన్నులు తాకవు, తాకకపోతే కార్డు విద్యుత్తు లాగదు. 2025లో 575 వాట్ల ఆర్‌టీఎక్స్ 5090 వచ్చిన తరువాత కూడా కనెక్టర్లు కరిగిన సంఘటనలు కొన్ని వెలుగులోకి వచ్చాయి.

ఇందులోని లెక్క మీరే చేయవచ్చు. పిన్ను కలిసే చోట నిరోధం 10 మిల్లీఓములు ఉందనుకోండి. 8.3 ఆంపియర్ల దగ్గర పుట్టే వేడి సుమారు 0.7 వాట్లు. అది పెద్ద ప్రమాదం కాదు. కానీ పిన్ను వదులై, లేదా తుప్పు పట్టి, నిరోధం 50 మిల్లీఓములకు చేరితే వేడి సుమారు 3.5 వాట్లు అవుతుంది. బియ్యపు గింజంత చోట, ప్లాస్టిక్ గోడల మధ్య 3.5 వాట్లు చాలా ఎక్కువ. ఇంకో సంగతి కూడా ఉంది. ఒక పిన్ను సరిగా తాకకపోతే దాని వాటా కరెంటు మిగతా పిన్నుల మీద పడుతుంది. కరెంటు వర్గం కొద్దీ వేడి పెరుగుతుంది కాబట్టి, నష్టం ఆ ఒక్క పిన్నుతో ఆగదు.

పుదుచ్చేరి వంటి సముద్రతీరపు ఊళ్లలో ఈ మాటను మరింత గుర్తుంచుకోవాలి. ఉప్పు గాలి, తేమ లోహపు తలాలను త్వరగా పాడుచేస్తాయి. తలం పాడైతే నిరోధం పెరుగుతుంది. మే నెల ఎండలో గది వేడి కూడా దానికి తోడవుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం విద్యార్థులకు కూడా ఇదే వర్తిస్తుంది.

8. సర్వర్ల గదిలో మరో పరిష్కారం

తీగలు లావు చేయడం, సంఖ్య పెంచడం తప్ప మరో మార్గం లేదా? ఉంది. మన విద్యుత్ వ్యవస్థ దాన్ని ఎప్పుడో కనిపెట్టింది. పుదుచ్చేరికి విద్యుత్తు అందించే కేంద్రాలలో నెయ్‌వేలి ఒకటి. పట్టణానికి నైరుతి దిక్కున, కడలూరు జిల్లాలో ఉన్న ఆ లిగ్నైట్ సంస్థ 1956లో ఏర్పడింది, 1962లో విద్యుదుత్పత్తి మొదలుపెట్టింది. అక్కడ పుట్టిన విద్యుత్తును 230 వోల్టుల దగ్గర పంపరు. లక్షల వోల్టులకు పెంచి పంపి, ఊరి దగ్గర తగ్గిస్తారు. వోల్టేజీ పెరిగితే అవే వాట్లకు కరెంటు తగ్గుతుంది. కరెంటు తగ్గితే దారిలో నష్టం దాని వర్గం కొద్దీ తగ్గుతుంది.

కృత్రిమ మేధ సర్వర్ల రూపకర్తలు ఇదే పాఠం చదివారు. 2022లో ప్రకటించిన ఎన్‌విడియా హెచ్100 చిప్పు సర్వర్ రూపం ఒక్కటే 700 వాట్ల దాకా తీసుకుంటుంది. అలాంటి ఎనిమిది చిప్పులున్న సర్వరుకు పది కిలోవాట్లకు పైగా కావచ్చు. 12 వోల్టుల దగ్గర అంటే 800 ఆంపియర్లు దాటుతుంది. అందుకని ఇలాంటి పెద్ద సర్వర్లలో 48 లేదా 54 వోల్టుల దగ్గర విద్యుత్తును చిప్పు దాకా తెచ్చి, అక్కడ తగ్గిస్తున్నారు. 12ను 48కి పెంచితే కరెంటు నాలుగో వంతు, అదే తీగలో నష్టం పదహారో వంతు. ఇళ్లలోని కంప్యూటర్లు మాత్రం 12 వోల్టులతోనే ఉన్నాయి. అన్ని కార్డులు, అన్ని పవర్ సప్లైలు ఒకేసారి మారితే తప్ప ఈ ఒప్పందాన్ని తిరగరాయలేరు. కోట్లమంది చేతుల్లో ఉన్న పాత వస్తువులు కొత్త ఒప్పందానికి అడ్డం. సాంకేతిక చరిత్రలో ఇది తరచుగా కనిపించే సంగతి.

9. మీరు పాటించవలసినవి

సెకండ్ హ్యాండ్ కార్డు కొనేవారు, పాత కంప్యూటరుకు కొత్త కార్డు వేసుకునేవారు మీలో చాలామంది ఉంటారు. అటువంటివారికి నాలుగు మాటలు.

పవర్ సప్లై మీది మొత్తం వాట్ల అంకెను మాత్రమే చూడకండి. దాని చీటీ మీద 12 వోల్టుల దారికి ఎన్ని ఆంపియర్లని రాశారో చదవండి. గ్రాఫిక్స్ కార్డుకు పనికొచ్చేది అదే.

హార్డ్‌డిస్కు తీగను 8 పిన్నులుగా మార్చే చవక అడాప్టర్లను నమ్మకండి. సంకేత పిన్ను ఇచ్చే మాట గురించి పైన చెప్పుకున్నాం. ఈ అడాప్టరు ఆ మాటను అబద్ధంగా చెబుతుంది. వెనుక తీగకు మోసే శక్తి లేకపోయినా, 150 వాట్లు తీసుకోమని కార్డుకు అనుమతి ఇస్తుంది.

ఊడదీసే తీగలున్న పవర్ సప్లైలలో ఒక సంస్థ తీగను మరో సంస్థ పెట్టెకు వాడకండి. కార్డు వైపు చివర ప్రమాణం ప్రకారం ఉంటుంది. పెట్టె వైపు చివరకు ఉమ్మడి ప్రమాణం లేదు. పట్టినంత మాత్రాన అది సరైనదని కాదు.

కనెక్టరును క్లిక్ మనేదాకా నొక్కండి. కనెక్టరు పక్కనే తీగను బలంగా వంచకండి. ఏడాదికోసారి కరెంటు పూర్తిగా ఆపి, రంగు మారిందేమో, మెత్తబడిందేమో చూడండి.

వేరే తీగ అడిగే కార్డును చూసి, ఇదొక అదనపు తలనొప్పి అనుకోకండి. స్లాటుకు తన పరిమితి తెలుసు. దాన్ని దాటకుండా కార్డు తనకు కావలసినది వేరే దారిలో అడుగుతోంది. త్రీడీఎఫ్ఎక్స్ కాలంలో అరువు తీగతో నడిచిన పని, నాలుగేళ్లలో రాతపూర్వకమైన ప్రమాణమైంది. ఆ ప్రమాణంలో భద్రత కోసం ఖాళీ వదిలినంత కాలం తీగలు చల్లగా ఉన్నాయి. ఆ ఖాళీ తగ్గినప్పుడు ప్లాస్టిక్ కరిగింది.

అభ్యాసం

1. ఒక కార్డుకు స్లాటుతో పాటు రెండు 8 పిన్నుల తీగలు తగిలించారు. ప్రమాణం ప్రకారం దానికి గరిష్ఠంగా ఎన్ని వాట్లు అందుతాయి?

2. 450 వాట్ల కార్డు మొత్తం విద్యుత్తును 12 వోల్టుల దగ్గర తీసుకుంటే ఎన్ని ఆంపియర్లు? 48 వోల్టుల దగ్గర ఎన్ని? అదే తీగలో నష్టం ఎన్నింతలు తగ్గుతుంది?

3. ఆరు పిన్నులు సమానంగా 48 ఆంపియర్లు మోస్తున్నాయి. రెండు పిన్నులు తాకడం మానేస్తే, మిగతా ఒక్కోదానిలో వేడి ఎన్ని రెట్లు అవుతుంది?

4. మీ ఇంట్లో 15 ఆంపియర్ల సాకెట్లు ఏ గదుల్లో ఉన్నాయి? ఇల్లు కట్టినప్పుడు అక్కడే ఎందుకు పెట్టించారో పెద్దలను అడిగి రాయండి.